ఏడో తరగతి మీద సంతకం

"ఇయ్యాల సోమారం. పిల్లల ముందల ఏం తెల్వదని చెప్తవు?" అని అడిగాను నేను.

"ఇంకా అనుకోలె. తొవ్వల యాదికొస్తది," అన్నాడు మా ఆయన, సైకిల్ గడప దించుతూ.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. అప్పటికి నిజామాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన బడి దాకా బాగానే వెళ్ళాడు. గంట కొట్టక ముందే కుర్చీలో ఒరిగిపోయాడట. చూడడానికి వచ్చినవాళ్ళు పోయేముందు ఏమన్నాడమ్మా అని అడిగేవారు. దేవుని పేరో, పిల్లల పేరో తలచుకుని ఉంటాడని వాళ్ళ ఆశ. నేను ఈ మాటలు చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. పెద్ద సారు, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, ఏం తెలియదని చెప్పడానికి పోతాడు?

అది చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. అందుకే నోటితో చెబుతున్నాను, మా తమ్ముని బిడ్డ రాస్తోంది. నా మాట మోటు, దాన్ని పుస్తకంలో ఉండే తీరుగా పెట్టుకో, కానీ మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దకు అని దానికి ముందే చెప్పాను.

మా ఆయనది కోటగిరి దిక్కు కాపు ఇల్లు. ఆయన చిన్నప్పుడు సర్కారు బడి అంటే ఉర్దూ బడే. నిజామాబాద్‌లో చుట్టాలింట్లో ఉండి చదువుకున్నాడు. లెక్కలు ఉర్దూలో, చరిత్ర ఉర్దూలో, ఇంటికి రాసే ఉత్తరం కూడా ఉర్దూలోనే. ఆ ఉత్తరం వస్తే మా మామ దాన్ని పట్టుకుని ఊళ్ళో దర్జీ సాబు దగ్గరికి పోయి చదివించుకునేవాడు. కొడుకు బాగున్నాడో లేదో ముందు దర్జీ సాబుకు తెలిసేది, తరువాత కన్నతండ్రికి.

ఆంధ్రప్రదేశ్ అయిన ఏడాదికి ఆయన సారుగా ఉన్నాడు. బడులు అప్పటికే ఒకటొకటిగా తెలుగులోకి మారుతున్నాయి. ఇంకొన్నేళ్ళకు బోధన్‌కు కోటగిరికి నడుమ కాలువ కింది ఊళ్ళో ఏడో తరగతి దాకా ఉన్న బడికి ఆయన్ని పెద్ద సారును చేశారు. పాత అలవాటు కొద్దీ ఊరంతా సదర్ సారు అనేవారు. తెల్ల లాల్చీ, చేతిలో బెత్తం. ఆయన కాలువ గట్టు మీద వస్తుంటే చెరుకు బండ్లు తోలేవాళ్ళు సైతం బీడీ వెనక్కి పెట్టుకునేవారు. నేను కూడా భయపడేదాన్ని. భయపడుతూనే గొప్పగా నడిచేదాన్ని, సదర్ సారు పెండ్లాన్ని కదా.

ఆయన లెక్కలు చెప్పేవాడు. తెలుగు పాఠం చిన్న సారు చెప్పేవాడు. చిన్న సారు కోస్తా జిల్లా నుంచి వచ్చిన పిల్లవాడు, ఇంకా పెళ్ళి కాలేదు, మా ఊరి కారం తినలేక కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. ఆఫీసు కాగితాలు ఆయనే చదివి చెప్పేవాడు. చదవడం అయ్యాక మా ఆయన "ఆ, నేను గూడ సూసిన" అనేవాడు. అది నిజమే అనుకున్నాం, ఊరూ అనుకుంది, నేనూ అనుకున్నాను.

ఒక ఏడు చెరుకు కొట్టే కాలంలో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి జవాను ఒక కాగితం తెచ్చాడు. సంతకం పెట్టి ఇప్పుడే ఇవ్వాలన్నాడు. చిన్న సారు పాఠం ఆపి గుమ్మంలోకి వచ్చి, "చదివి వినిపించమంటారా సార్?" అని అడిగాడు. జవాను చూస్తున్నాడు, క్లాసు పిల్లలు చూస్తున్నారు. మా ఆయన అద్దాలు సరిచేసుకుని, కాగితం మీద కళ్ళు పై నుంచి కిందికి తిప్పి, "అక్కర లేదు" అని ఉర్దూలో సంతకం గీకి ఇచ్చేశాడు. ఇది నేను చూసింది కాదు, తరువాత ఆయన నోటనే విన్నాను.

బోధన్ చక్కెర కార్ఖానా పొగ ఆగిన తరువాత, ఎండలు ముదిరినప్పుడు, ఆ కాగితానికి జవాబు వచ్చింది. ఈసారి చిన్న సారు చదివాడు. చెరుకు కాలంలో ఏడో తరగతి సగం ఖాళీగా ఉంటోంది కాబట్టి, పెద్ద సారు ఒప్పుకున్నాడు కాబట్టి, వచ్చే ఏడు నుంచి ఈ ఊళ్ళో ఏడో తరగతి ఉండదు, పిల్లలు బోధన్ పోయి చదువుకోవాలి. బోధన్ మాకు నాలుగు కోసులు, ఎనిమిది మైళ్ళు. మగపిల్లలు సైకిలో బండో పట్టుకుని పోతారు. ఆడపిల్లలను ఎవరు పంపుతారు? మా పక్కింటి పిల్ల అప్పుడే ఆరు పాసయింది. వాళ్ళమ్మ కూలికి చెరుకు కొట్టేది. ఏడు కూడా పాసైతే నర్సు పనికో టీచరు పనికో తొవ్వ దొరుకుతుందని ఆమెకు ఎవరో చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె బిడ్డకు వచ్చిన సంబంధం వెనక్కి పంపింది.

ఆ రోజు ఆయన తిండి ముట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని, "సంతకం నేనే పెట్టిన," అన్నాడు.

"సదివి పెట్టినవా, సదవక పెట్టినవా?"

అద్దాలు తీసి పక్కన పెట్టాడు. తరువాత, "సదవ రాక పెట్టిన," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. పక్కన పడుకునే మనిషి, పదేళ్ళు. ఆయనకు తెలుగు అక్షరాలు ఒకటొకటి తెలుసు గానీ, నాలుగు కలిస్తే చదవలేడు. కోపం వచ్చింది.

"మరి నాకు సదువు రాదని ఎన్ని మాట్ల ఎక్కిరిచ్చినవు?"

"మస్తు మాట్ల," అన్నాడు తల వంచుకుని.

ఇంకో మాట కూడా ఇక్కడ చెప్పాలి. అప్పటికే ఊళ్ళో, ఇది చిన్న సారు పనే అని పుకారు లేచింది. ఎక్కడి నుంచో వచ్చినవాడు, వాడే ఏదో రాసి పంపాడు అని. నేను మా ఆయనతో, పోనీ అట్లనే అనుకోనీ, ఆయన పెళ్ళి గాని మనిషి, ఇంకో ఊరికి మార్పించుకుంటాడు, నీ మర్యాద నీకుంటుంది అన్నాను. అన్నాను, ఎందుకు దాచాలి. ఆయన నా దిక్కు ఒకసారి చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారి ఊరివాళ్ళను బడి అరుగు మీదికి రమ్మని కబురు పెట్టాడు.

అందరూ వచ్చారు. చిన్న సారు ఒక స్తంభం పక్కన మొహం పాలిపోయి నిలబడ్డాడు. పెద్ద రైతు ఒకాయన, మోతబరి, లేచి ఆ పిల్లవాడి వైపు చెయ్యి చూపి, పరాయి వాణ్ణి నమ్మితే ఇట్లనే అవుతుందని మొదలుపెట్టాడు. మా ఆయన ఆయన్ని కూర్చోమన్నాడు.

"ఆయనకేం తెల్వదు. సదివి చెప్తనన్నడు, నేనే వద్దన్న. సంతకం నాది. నాకు తెలుగు సదవ రాదు."

అరుగు మీద తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. తరువాత వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. మా పక్కింటామె లేచి నిలబడింది.

"మరి గిన్నేండ్లు మా పోరగాండ్లకు ఏం చెప్పినవ్ సారూ?"

"లెక్కలు చెప్పిన అక్కా. రానిది రాదని చెప్పుడు నేర్పలే. నాకే రాకపాయె."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఇంక ఈ ఊళ్ళో నీళ్ళకు ఎట్లా పోవాలి అని ఏడ్చాను. అప్పుడు నాకు అది మర్యాద పోవడంగానే కనబడింది.

మరునాడు ఆయన సమితి ఆఫీసుకు సైకిల్ మీద పోయి ఇనస్పెక్టరును కలిశాడు. అక్కడా అదే చెప్పాడు. ఇనస్పెక్టరు చాలా సేపు తిట్టి, చివరికి ఒక్క ఏడు గడువు ఇచ్చాడు. చెరుకు కాలంలో తాను చెప్పకుండా వస్తానని, ఏడో తరగతి పిల్లలు బెంచీల మీద కనబడితే ఉంచుతానని, లేకుంటే తరగతి మూసేసి, ఆ ఏడు పరీక్షకు కూడా వాళ్ళను కూర్చోనివ్వనని.

బడి తెరిచిన మొదటి రోజు మా ఆయన పలక పట్టుకుని ఒకటో తరగతిలో నేల మీద కూర్చున్నాడు. పొద్దున ఒక గంట ఆయన విద్యార్థి, తరువాత పెద్ద సారు. చిన్న సారు ముందు ఒప్పుకోలేదు, ఇంటికి వచ్చి చెబుతాను సార్ అని బతిమాలాడు. మా ఆయన, "దాసుకుని నేర్చుకుంటే మల్ల దాసుకునుడే నేర్చుకుంట," అన్నాడట. ఊరు వచ్చి కిటికీల దగ్గర నిలబడి చూసింది. నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు ఎవరి పనికి వాళ్ళు పోయారు. మనిషి సిగ్గు పడకపోతే చూసేవాళ్ళకు ఎంత సేపని చూడబుద్ధవుతుంది?

ఒక రోజు ఆయన పలక మీద తప్పు రాశాడు. పక్కన కూర్చున్న పిల్ల, ఆరేళ్ళది, మా అత్తగారి ఊరి నుంచి ఇక్కడికి వచ్చి మిషను పెట్టుకున్న ఆ దర్జీ సాబు మనుమరాలు, ఆ పలకలోకి తొంగి చూసి గట్టిగా అడిగింది.

"సదర్ సారుకు బెత్తం దెబ్బ లేదా?"

ఆ బడిలో తప్పు రాస్తే దెబ్బ. ఆయన పెట్టిన కానూనే అది. మా ఆయన లేచి, బల్ల మీది బెత్తం తీసి చిన్న సారు చేతిలో పెట్టి, అరచెయ్యి చాపాడు. చిన్న సారు కొట్టలేక బెత్తం దించేశాడట. "నన్ను కొట్టబుద్ధి అయితలేదు గదా. నాకు గింత పోరగాండ్లను ఎట్ల కొట్టబుద్ధయింది?" అని ఆయన ఆ బెత్తం ఇంటికి తెచ్చాడు. పొయ్యిలో పెట్టమన్నాడు. నేను పెట్టలేదు, మంచి వెదురు. బియ్యం ఎండబోసినప్పుడు కోళ్ళను అదిలించడానికి వాడుకున్నాను.

ఇంట్లో నన్ను కూడా పలక ముందు కూర్చోబెట్టాడు. ఆయన ఒత్తుల దాకా పోయాడు, నేను గుణింతంలోనే ఆగిపోయాను. ఎడ్లకు కుడితి, ఆడబిడ్డ కానుపు, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అట్లా అన్నీ ఆయన గొప్పలే చెప్పడం నా పని కాదు. ఇంట్లో ఆయన తప్పు ఒప్పుకున్నది తక్కువ. తిన్న కంచం తీసింది ఎన్నడూ లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని తానే వేసుకుని నన్ను అనేవాడు. బడిలో నేర్చుకున్నది గడప దాకా వచ్చి చెప్పుల దగ్గర ఆగేది.

ఆ ఏడే సోమవారం పద్ధతి మొదలుపెట్టాడు. వారానికి ఒకసారి, ప్రార్థన అయ్యాక, బడిలోని ప్రతి ఒక్క సారు పిల్లల ముందు తనకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఎవరికి తెలిస్తే వాళ్ళు చెప్పాలి. మొదట తానే చెప్పేవాడు. చాలా ఏళ్ళకు జక్రాన్‌పల్లి దిక్కు బదిలీ అయినప్పుడు, పసుపు ఉడికింది ఎట్లా తెలుస్తుందో నాకు తెలియదు అన్నాడు. ఇరవై మంది పిల్లలు లేచారట, పుల్ల గుచ్చి చూడాలి, మెత్తగా దిగితే ఉడికినట్టు అని. అక్కడ ఒక సారు నెల రోజులు నోరు విప్పలేదు, ఇదేం పిచ్చి అని. ఆఖరికి నాకు ఈత రాదు అన్నాడు. ఇద్దరు పోరగాళ్ళు ఆదివారం ఆయన్ని బావి దగ్గరికి తీసుకుపోయారు. ఆ సారు మా ఇంటికి వచ్చి ముక్కులోకి పోయిన నీళ్ళ కథ చెప్పి నవ్వించాడు.

ఆ గడువు ఏడులోనే మళ్ళీ చెరుకు కాలం వచ్చింది. చెరుకు కొట్టడానికి వచ్చిన మరాఠీ వాళ్ళు గుడిసెలు వేసుకున్నారు, బండ్లు మొదలయ్యాయి. ఏడో తరగతి మళ్ళీ సగం ఖాళీ. పక్కింటి పిల్ల రెండు రోజులు వస్తే మూడు రోజులు రాదు. మా ఆయన ఎన్నో ఏళ్ళుగా ఒకటే అనేవాడు, వీళ్ళకు చదువు మీద ధ్యాస లేదు, చెరుకు మీదే ధ్యాస అని. ఆ సోమవారం మాత్రం అట్లా అనలేదు.

"చెరుకు కొట్టే కాలంల మీరు బడికి ఎందుకు రారో నాకు తెల్వది," అన్నాడు.

ఎవరూ లేవలేదు. రెండోసారి అడిగాడు. పక్కింటి పిల్ల లేచింది.

"తెల్లారంగ మా అమ్మతోని పోయి చెరుకు కొసల ఆకు మోపు కట్టుకోవాలె సారూ, బర్రెకు. బండ్లు ఎల్లినంక ఆకు దొరకది. మోపు ఇంట్ల ఏసి వస్తే బడి గంట అయిపోతది. గంట అయినంక వస్తే మీరు తలుపు తియ్యరు. గందుకే రాము."

తలుపు వేయమన్నది ఆయనే. గంట కొట్టిన తరువాత వచ్చినవాళ్ళు బయటే నిలబడాలి, పది మంది చూస్తుండగా. బయట నిలబడే బదులు ఇంటి దగ్గరే ఉండడం నయం అనుకున్నారు పిల్లలు. ఆయన ఇంటికి వచ్చి నాతో, "గిన్నేండ్ల సంది తలుపు నేనే ఏసి, పిల్లలు రారని నేనే అంటున్న," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూశాను. అరుగు మీద నిలబడి ఊరికి చెప్పిన రోజు నాకు మర్యాద పోయినట్టు కనబడింది చూడు, అది మర్యాద పోవడం కాదని నాకు ఆ పూట తెలిసింది. ఆనాడు రాదని చెప్పకపోతే, ఈనాడు ఆ పిల్ల నోరు విప్పేది కాదు.

మరునాడు తలుపు తెరిచే ఉంచాడు. చెరుకు కాలం అయ్యేదాకా ఏడో తరగతి పాఠం బండ్లు వెళ్ళాకే మొదలవుతుందన్నాడు. సాయంత్రం ఒక గంట ఎక్కువ. చిన్న సారు ఒప్పుకున్నాడు, ఇంకో సారు గొణిగాడు. మా ఆయన తానే పొద్దున చేన్ల గట్ల వెంట తిరిగి, మోపులు కట్టడం అయిందా అని అడిగేవాడు. పిల్లలు అట్లాగే వచ్చేవారు, చెరుకు ఆకు కోసిన గీతలు చేతుల నిండా. కొందరు మోపుతోనే వచ్చి ప్రహరీ పక్కన దించేవారు.

ఇనస్పెక్టరు సరిగ్గా ఆ మోపులు దించే సమయానికి వచ్చాడు. ఇది బడా, చెరుకు కళ్ళమా అన్నాడట. మా ఆయన లోపలికి తీసుకుపోయి ఏడో తరగతి చూపించాడు. ఇద్దరు తప్ప అందరూ ఉన్నారు, ఆ ఇద్దరికి జ్వరం. అప్పుడు లాల్చీ జేబులోంచి ఏడో తరగతిని ఉంచమని తాను తెలుగులో రాసిన అర్జీ తీసి ఇచ్చాడు. ఆ అర్జీ రాయడానికి ఇంట్లో ఎన్ని కాగితాలు చింపాడో నాకు తెలుసు, వాటితో వారం రోజులు పొయ్యి అంటించాను. అక్షరాలు ఒక్కొక్కటి శనగ గింజంత. ఇనస్పెక్టరు నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత నెలన్నర మేము ఎట్లా ఉన్నామో చెప్పలేను. పక్కింటామె పొద్దున్నే గోడ మీదుగా చూసేది, ఏమన్నా వచ్చిందా అని కళ్ళతోనే అడిగేది. మళ్ళీ ఒక సంబంధం వచ్చి కూర్చుంది ఆ పిల్లకు. ఉగాది దాకా ఆగమని చెప్పింది వాళ్ళకు.

కాగితం వచ్చింది. జవాను ఇచ్చిన కవరును మా ఆయన చింపలేదు. మళ్ళీ అందరినీ అరుగు మీదికి పిలిపించాడు. అదే మోతబరి, అదే పక్కింటామె, దర్జీ సాబు. ఈసారి నేను కూడా పోయి ముందు వరుసలో కూర్చున్నాను. ఆయన కవరు చింపి, అద్దాలు పెట్టుకుని, పైకి చదవడం మొదలుపెట్టాడు. వేలు పెట్టి చదివాడు. ఒక మాట దగ్గర ఆగేవాడు, వెనక్కి పోయేవాడు, మళ్ళీ అందుకునేవాడు. అందులో ఏముందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. చిన్న సారు పక్కనే ఉన్నాడు, కాగితం ఆయనకు కనబడుతూనే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కాలువ దిక్కు చూస్తూ నిలబడ్డాడు గానీ ఒక్క మాట అందించలేదు. ఊరు కూడా తొందర పెట్టలేదు. మోతబరి అంతటివాడు చుట్ట ఆర్పుకుని కూర్చున్నాడు. ఏడో తరగతి యథాప్రకారం ఈ ఊళ్ళోనే కొనసాగుతుంది అనే దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగింది. చదవరాక ఆగిందనుకుని దర్జీ సాబు మనుమరాలు లేవబోయింది. నేను దాని గౌను పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన కళ్ళు తుడుచుకుని ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పక్కింటామె కొంగు నోట్లో పెట్టుకుని లేచి ఇంటికి నడిచింది, ఆ సంబంధం వాళ్ళకు జవాబు పంపడానికి.

ఆయన గురించి నాకు చెప్పాలనిపించింది ఇదే. ఇంకా ఉన్నాయి గానీ గొంతు పోతోంది.

బిడ్డా, ఏం రాసినవో నాకు తెల్వది. మొత్తం ఒకసారి సదువు, నేను వింట. మెల్లగ సదువు, ఎక్కడన్న ఆగినా సరే.